రెండు టేపుల మధ్య రంగు

ఆయన పోయారని నాకు తెలిసేసరికి జ్ఞాపకార్థ కూడిక కూడా అయిపోయింది. వేరే పని మీద తాడేపల్లిగూడెం వెళ్ళి స్టేషన్ నుంచి నడుస్తుంటే, చర్చి గోడకి కట్టిన ఫ్లెక్సీలో కనిపించారు. పేరు చదవకముందే ఫొటోలో ఎరుపు ఎక్కువైందనిపించింది. ముఖం గులాబీ రంగుకి తిరిగింది. తెల్ల చొక్కా కూడా తెల్లగా లేదు. ఆయన బతికుంటే ఆ ఫ్లెక్సీని కట్టనిచ్చేవారు కాదు. అక్కడే నిలబడి తేదీ చూశాను. పన్నెండు రోజులైంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడైనా కనబడటం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. పెళ్ళి సీడీల చివర మా అందరి పేర్లూ పెద్ద అక్షరాలతో తిరుగుతూ వచ్చే రోజుల్లో, ఆయన చేతి మీదుగా వెళ్ళిన సీడీల్లో ఆయన పేరు మాత్రం ఉండేది కాదు. పెళ్ళి వీడియోలు తీసే మేమంతా ఆయన్ని గూడెం మాస్టారు అనేవాళ్ళం. ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పిన మనిషి కాదు. వయసులో ఉండగా ఒక స్టూడియోలో నలుపు తెలుపు ఫొటోలకి కుంచెతో రంగులు వేసేవారట. ఆ పని పోయాక చాలా ఏళ్ళు ఏం చేశారో నాకు తెలియదు. నేనెరిగేసరికి మిక్సింగ్ చేస్తున్నారు. పెళ్ళిలో తీసిన టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేనివి కత్తిరించి, పాటలు చేర్చి సీడీ చేసే పనిని మా వైపు మిక్సింగ్ అంటారు.

ఆ పని చేసేవాళ్ళు ఏలూరులోనూ ఉన్నారు. అయినా నేను టేపులు సంచిలో వేసుకుని, పాసింజర్ ఎక్కి గూడెం వెళ్ళేవాణ్ణి. ఆయన దగ్గర మనుషులు తమ రంగులోనే బయటికి వచ్చేవారు. మిగతా చోట్ల ఒకే పెళ్ళికొడుకు తలంబ్రాలప్పుడు నారింజ రంగులోనూ, భోజనాలప్పుడు ఆకుపచ్చగానూ ఉండేవాడు.

ఎరువుల కొట్టు మీద మేడగది ఆయనది. గోడలకి బూడిద రంగు వేయించారు. ఆ గదిలో రంగు అన్నది కంప్యూటర్ తెర మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదని ఆయన పట్టుదల. ఒకసారి నల్లజర్ల నుంచి ఒక భారీ మనిషి, పెళ్ళికొడుకు తండ్రి, ఎర్ర చొక్కా వేసుకుని వచ్చి తెర ముందు కూర్చున్నారు. మాస్టారు లేచి బీరువాలోంచి బూడిద రంగు దుప్పటి తెచ్చారు.

"ఏమనుకోకండి, ఇది కప్పుకోండి."

"చలేం లేదండీ."

"చలికి కాదండీ. మీ చొక్కా నా తెర మీద పడుతోంది."

ఆ పెద్దమనిషి మంగలి దుకాణంలో కూర్చున్నట్టు మెడ దాకా దుప్పటి కప్పుకుని, కొడుకు పెళ్ళి మొత్తం చూసి వెళ్ళారు.

తెర వంక కాసేపు చూశాక మాస్టారు కుర్చీ తిప్పుకుని గోడ వంక చూస్తూ కూర్చునేవారు. పలకరిస్తే, "కళ్ళు కడుక్కుంటున్నాను, ఉండండి," అనేవారు. మళ్ళీ తెర వైపు తిరిగి, మొదట పడ్డ చూపులోనే ఏది ఎక్కువైందో చెప్పేసేవారు. మాకందరికీ ఒక నియమం పెట్టారు. ఎక్కడ లైటు వేసినా, లైటు మారినా, ముందు ఆ వెలుతురులో ఒక తెల్ల జేబురుమాలుని వీడియో తియ్యాలి. తర్వాతే పెళ్ళి. ఆ రుమాలు తెర మీద తెల్లగా కనబడే దాకా ఆయన రంగులు సరిచేసేవారు. రుమాలు తెల్లగా వస్తే మనిషి కూడా సరిగ్గా వస్తాడని ఆయన లెక్క.

ఏదైనా తేడా వచ్చిందని చెబితే ఆయన మొదట అడిగేది ఒకటే. "ఎక్కడిదాకా బాగుందండీ?" టేపులో బాగుందా, కంప్యూటర్లోకి వచ్చాక బాగుందా, సీడీలో బాగుందా? బాగున్న చోటు పట్టుకుంటే దాని పక్కనే చెడిన చోటు దొరుకుతుందనేవారు. మోటారు సైకిల్ ఆగిపోయిందన్నా, మా ఆవిడతో మాటలు లేవన్నా అదే ప్రశ్న. మా ఆవిడ విషయంలో నేను నిజంగానే ఆలోచించి, "అట్లతద్ది దాకా బాగుందండీ," అన్నాను. ఆయన నవ్వలేదు. "అయితే అట్లతద్ది నాడు ఏమైందో చూసుకోండి," అన్నారు.

ఆయన చెయ్యనని ఖచ్చితంగా చెప్పే పని కూడా ఒకటుంది. పెళ్ళికూతుర్ని తెల్లగా చెయ్యమని అడగని ఇల్లు లేదు. జంగారెడ్డిగూడెం నుంచి ఒక అత్తగారు పనిగట్టుకుని వచ్చి అడిగారు. "అందరూ చేస్తున్నారండీ. మీకు రాదా?" అని కూడా అన్నారు.

"వచ్చండీ. కానీ ఆ అమ్మాయి చామనఛాయ. రేపు మీ మనవలు ఈ సీడీ చూసి ఈవిడెవరని అడుగుతారు."

ఆవిడ సీడీ తీసుకోకుండానే వెళ్ళిపోయి, వారానికి మనిషిని పంపించారు.

ఆయన పొరపాటు పడటం కూడా చూశాను. ఒక ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ వేయించారు. ఆ తర్వాత తీసుకెళ్ళిన సీడీలు టీవీలో వేస్తే మనుషులందరూ పచ్చగా, పాలిపోయి, నీళ్ళలో నానినట్టు కనిపిస్తున్నారని ఫోన్లు వచ్చాయి. ఆయన కంప్యూటర్ తెర మీద చూస్తే అంతా చక్కగా ఉంది. మూడు రోజులు భోజనానికి కూడా కిందికి దిగలేదు. కేబుల్ మార్చారు, టీవీ మార్చారు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశారు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి, కదిలే బొమ్మలోంచి ఒక ఫ్రేముని మామూలు ఫొటోగా తీసి, కదిలే బొమ్మ పక్కనే పెట్టుకుని చూస్తున్నారు. అదే మనిషి, అదే క్షణం. ఫొటోలో పచ్చగా ఉన్నాడు. పక్కన వీడియో గడిలో ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాడు.

"చూశారా? వీడియో కనబడే గడికి వేరేగా రంగులు పెట్టుకునే చోటు ఒకటుందటండీ. అక్కడ ఎరుపు పెరిగిపోయి ఉంది. తెరే నాకు ఎక్కువ ఎరుపు చూపిస్తుంటే, నేను సీడీలో ఎరుపు తగ్గిస్తూ వచ్చాను."

అప్పటికి తొమ్మిది పెళ్ళిళ్ళ సీడీలు వెళ్ళిపోయాయి. అన్నిటినీ వెనక్కి తెప్పించి మళ్ళీ చేశారు. అవతలివాళ్ళతో సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "నేను సరిగ్గా చూళ్ళేదండీ," అని మాత్రం అన్నారు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది లంక గ్రామంలో ఒక పెళ్ళి తీశాను. పెళ్ళికూతురి తండ్రికి ఉన్న చెరువులు ఆ వేసవిలో పోయాయి. సంబంధం మాత్రం ముందే కుదిరింది. జ్యేష్ఠంలో నిశ్చితార్థం, శ్రావణంలో పెళ్ళి. రెండూ నేనే తీశాను. టేపులు గూడెంలో ఇచ్చి వచ్చిన వారానికి మాస్టారు ఫోన్ చేశారు.

"మీరొకసారి రాగలరా అండీ? రంగు కలవట్లేదు."

నా పని బాగాలేదని ఆయన ఎప్పుడూ అనరు. రంగు కలవట్లేదంటే అర్థం అదే. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

ఆయన ఆ సీడీలో నిశ్చితార్థాన్నీ పెళ్ళినీ ఒకదాంట్లో ఒకటి కలుపుతున్నారు. తండ్రి తాంబూలం ఇస్తూ ఉంటే, వెంటనే అదే తండ్రి కన్యాదానం చేస్తూ ఉండాలి. అలా పక్కపక్కన పెట్టేసరికి తేడా కనిపించింది. తాంబూలం ఇస్తున్న మనిషి నల్లగా, ఎండలో పనిచేసిన రంగులో ఉన్నాడు. కన్యాదానం చేస్తున్న మనిషి పసుపు పచ్చగా ఉన్నాడు.

"రుమాలు తీశానండీ," అన్నాను ముందే.

"తీశారు. రెండు టేపుల్లోనూ తెల్లగానే ఉంది. ఎక్కడిదాకా బాగుందో చూద్దాం."

నా కెమెరాలోనే టేపు పెట్టి నేరుగా టీవీకి తగిలించాం. అలాగే ఉంది. కంప్యూటర్లోకి మళ్ళీ ఎక్కించాం. అదే రంగు. షామియానా గుడ్డ పసుపు రంగుది, దాని నీడ పడి ఉంటుందన్నాను. ఆయన అదే ఫ్రేములో ఉన్న పురోహితుడి పంచె చూపించారు. తెల్లగా ఉంది. తండ్రి పక్కనే ఆయన భార్య ఉంది, ఆవిడ రంగు రెండు టేపుల్లోనూ ఒకటే.

"పెళ్ళింట్లో పసుపు రాసుకున్నారేమోనండీ," అన్నాను.

ఆయన ఆ ఫ్రేముని ఆపి, తండ్రి ముఖాన్ని పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. తెర నిండా రెండు కళ్ళు వచ్చాయి.

"పసుపు కంట్లో రాసుకోరు కదండీ."

కళ్ళలో తెలుపు ఉండాల్సిన చోట పసుపు ఉంది. పక్కనే నిశ్చితార్థం టేపులోంచి అవే కళ్ళు తెచ్చి పెట్టారు. అవి తెల్లగా ఉన్నాయి.

"ఫొటోలకి రంగులు వేసే రోజుల్లో కళ్ళ తెలుపు ఆఖర్న వేసేవాణ్ణి. అది కుదరకపోతే బొమ్మలో ప్రాణం ఉండేది కాదు," అన్నారు. కంప్యూటర్ కట్టేశారు. "ఇది మన మిషన్లలో లేదండీ. ఆ మనిషిలో ఉంది."

ఫోన్ చేసి చెబుదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఫోన్లో రంగు తేడాగా ఉందంటే సీడీ సంగతే అనుకుంటారన్నారు. రెండు ముఖాలనీ ఫొటో కాగితం మీద వేయించారు. మర్నాడు ఏలూరు వచ్చి నా బండెక్కారు.

కైకలూరు రోడ్డులో కొంత దూరం వెళ్ళి లోపలికి తిరిగాం. తెగ్గొట్టిన గట్ల మధ్య నీళ్ళు ఎటు పోవాలో తెలియనట్టు నిలిచి ఉన్నాయి. నాకు దారంతా ఒకటే బెంగ. పెళ్ళి పందిరి ఇంకా తియ్యని ఇంటికి వెళ్ళి, మీ ఇంటాయనకి జబ్బు అని చెప్పడం ఎలా?

మా అదృష్టమో కాదో, పెళ్ళికూతురు అత్తారింట్లో ఉంది. తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నారు. సీడీ తెచ్చామనుకుని లేచి కుర్చీలు వేశారు. ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. ఆవిడ తమ్ముడు, పెళ్ళి పనులన్నీ భుజాన వేసుకున్న మనిషి, లోపల్నించి వచ్చి నిలబడ్డాడు.

మాస్టారు మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగారు. "ఈ మధ్య మీకు ఒంట్లో ఎలా ఉంటోందండీ?"

"ఏముందండీ, బాగానే ఉంటోంది. ఆకలి లేదు. ఒళ్ళంతా ఒకటే దురద," అన్నారు తండ్రి.

"చెరువులు పోయిన దిగులండీ," అంది భార్య. "అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు."

మాస్టారు రెండు ఫొటోలూ తీసి ఆవిడ చేతికిచ్చారు. విషయం ఉన్నదున్నట్టు చెప్పారు. మొదట ఇది మా తప్పే అనుకున్నామనీ, అన్నీ చూసుకున్నామనీ, కాదని తేలిందనీ.

తమ్ముడికి కోపం వచ్చింది. ఆ వైపు మనుషులు కోపంలో కూడా గొంతు పెంచరు. "ఏవండీ, మీరు డాక్టరుగారా?" అన్నాడు.

"కాదండీ."

"సీడీ ఆలస్యమైతే ఆలస్యమైందని చెప్పండి. శుభకార్యం జరిగిన ఇంటికొచ్చి ఇవేం మాటలండీ?"

నేను లేవబోయాను. మాస్టారు లేవలేదు. జేబులోంచి రుమాలు తీసి మడత విప్పారు. తండ్రి దగ్గరికి వెళ్ళి, "ఏమనుకోకండి," అంటూ దాన్ని ఆయన చెంప పక్కన పట్టుకున్నారు.

"అమ్మా, నా మాట వద్దు. వెలుతుర్లోకి రండి. ఈ గుడ్డ చూసి, ఆయన కళ్ళు చూడండి."

ఆవిడ వచ్చింది. రుమాలు చూసింది, భర్త కళ్ళలోకి చూసింది. రోజూ చూసే ముఖం. రెండు నెలలుగా కొద్దికొద్దిగా మారుతుంటే ఎవరి కంటా పడలేదు. ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, "కారు మాట్లాడు," అంది.

ఏలూరులో స్కాన్ తీసి విజయవాడ పంపించారు. పిత్తం దిగే దారికి అడ్డంగా గడ్డ ఉంది. ఆపరేషన్ అయింది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే కత్తి పెట్టడానికి ఉండేది కాదని డాక్టర్ అన్నారట. ఆ తర్వాత ఆ తండ్రి మూడేళ్ళు బతికారు. మనవణ్ణి ఎత్తుకున్నారు. ఆ తమ్ముడు ఒకసారి గూడెం వెళ్ళి మాస్టారి గదిలో చాలాసేపు కూర్చుని వచ్చాడని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు.

సీడీ మాత్రం అలాగే ఆగి ఉంది. తండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక పెళ్ళికూతురు భర్తతో గూడెం వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"నాన్నగారి రంగు సరిచెయ్యండి," అంది. "కన్యాదానం చూస్తే నాకు జబ్బే కనిపిస్తుందండీ, నాన్న కనిపించరు."

ఆయన చెయ్యరని నాకు తెలుసు. ఎంతమందిని వెనక్కి పంపారో చూసినవాణ్ణి. ఆయన కొంచెంసేపు గోడ వంక చూశారు. తర్వాత, "నాన్నగారిని అడుగుతానమ్మా," అని అక్కడే ఫోన్ చేశారు.

అవతలి గొంతు నాకూ వినిపించింది. "నేను దాన్ని ఎన్నిసార్లు చూసుకుంటానండీ? చూసుకునేది మా అమ్మాయి. దానికెలా కావాలంటే అలా చెయ్యండి."

వాళ్ళు వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. "చామనఛాయ అమ్మాయిని తెల్లగా చెయ్యనన్నారు కదండీ. మరి ఇది?"

"అది ఆ అమ్మాయి రంగండీ. ఇది ఈయన రంగు కాదు. ఈయన రంగు మీ నిశ్చితార్థం టేపులో ఉంది. దాన్నే తెచ్చి పెడతాను."

చెప్పినంత సులువు కాదు. ఆ రోజుల సాఫ్ట్‌వేర్‌లో ముఖం చుట్టూ గీత గీసి అంతవరకే రంగు మార్చవచ్చు. మనిషి కదిలితే గీత కదలదు. ఒక్కో ఫ్రేము దగ్గరా ఆగి గీతని చేత్తో జరపాలి. సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు. ఆయన పదహారు రోజులు ఆ ఒక్క కన్యాదానం మీద కూర్చున్నారు. మధ్యలో నేను వెళ్తే ఒక చోట ఆగిపోయి ఉన్నారు. తండ్రి కూతురి చేతిని పట్టుకుని అల్లుడి చేతిలో పెడుతున్నాడు, తల్లి పైనుంచి నీళ్ళు పోస్తోంది. కూతురి చేతికి పెళ్ళి పసుపు ఉంది. తండ్రి చెయ్యి జబ్బుతో పసుపుగా ఉంది.

"ఈ పసుపు ఉండాలండీ. ఈ పసుపు పోవాలి," అన్నారు వేలితో చూపిస్తూ. "నీళ్ళు పడ్డ దగ్గర ఏది ఎవరిదో తెలియట్లేదు."

చివరికి అన్నీ విడదీశారు. కూతురి అరచేతి మీద ఆనుకున్న తండ్రి బొటనవేలు ఒక్కటి రాలేదు. మూడు సార్లు చేసి చూసి వదిలేశారు. దాన్నలాగే పంపించడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు.

సీడీ నేనే పట్టుకెళ్ళాను. వాళ్ళింట్లో అందరూ కూర్చుని చూశారు. తండ్రి మంచం మీద దిండుకి ఆనుకుని చూశారు. కన్యాదానం వచ్చినప్పుడు, "బాగానే ఉన్నానే," అన్నారు. కూతురు టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంది. వేలి గురించి ఎవరూ అడగలేదు.

ఏలూరు చేరి మాస్టారికి ఫోన్ చేశాను.

"ఎలా ఉందండీ?" అన్నారు.

"వాళ్ళ టీవీలో కొంచెం ఎరుపు ఎక్కువండీ. అయినా రంగు బాగా కలిసింది. తేడా ఎక్కడా తెలియలేదు."

"టీవీ సంగతి కాదండీ. ఆయన."

"అన్నం తింటున్నారండీ," అన్నాను. "నా ముందే రెండోసారి పెట్టించుకున్నారు."